కట్టినవారి చేతి గుర్తులు: ప్రాచీన కళ, కట్టడాలపై పాఠకుల ప్రశ్నలు

ఈజిప్టు, మెసొపొటేమియా, సింధు, గ్రీసు, రోము నాగరికతల శిల్పాలు, కట్టడాల గురించి పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నిటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం. ఒకే సంగతిని పలువురు అడిగినచోట ఆ ప్రశ్నలను కలిపి ఒకటిగా తీసుకున్నాం.

ప్రశ్న: పిరమిడ్లను లక్షల మంది బానిసలు కట్టారని చిన్నప్పుడు చదువుకున్నాం. అంత బరువైన రాళ్లను మనుషులు కదిలించలేరని, వేరే గ్రహాల నుంచి వచ్చినవారు కట్టి వెళ్లారని ఇప్పుడు వీడియోలు వస్తున్నాయి. ఈ రెండింటిలో ఏది నమ్మాలి?

జవాబు: రెండూ నమ్మదగినవి కావు. లక్ష మంది చొప్పున ఇరవై ఏళ్లు పనిచేశారన్న మాట గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాసినది. ఆయన ఈజిప్టు వెళ్లేనాటికి గీజాలో ఖుఫు పిరమిడ్ కట్టి రెండు వేల ఏళ్లు గడిచిపోయాయి కాబట్టి, అప్పటి జనం చెప్పుకునే కథనే ఆయన రాసుకున్నాడు. అంతకన్నా బలమైన సాక్ష్యం 2013లో బయటపడింది. ఎర్ర సముద్రపు ఒడ్డున వాదీ అల్ జర్ఫ్ అనే పాత రేవులో ఫ్రెంచి పురాతత్వవేత్త పియర్ తాలె బృందానికి పపైరస్ (రెల్లుతో చేసిన కాగితం) పత్రాల ముక్కలు దొరికాయి. రాత ఉన్న పపైరస్‌లలో ఇంతవరకూ దొరికినవాటిలో ఇవే అత్యంత పాతవి. వాటిలో మెరెర్ అనే మేస్త్రీ రోజువారీగా రాసుకున్న పని వివరం ఉంది. ఆయన కింద సుమారు 40 మంది ఉండేవారు. తూరా గనుల దగ్గర సున్నపురాయిని పడవలకు ఎక్కించడం, నైలు నది మీదుగా, కాలువల మీదుగా గీజాకు చేర్చడం, దించి మళ్లీ తూరాకు మరలడం, ఆ రాత్రి ఎక్కడ బస చేశారన్నది, అన్నీ అందులో ఉన్నాయి. పై అధికారిగా ఖుఫు సవతి సోదరుడు అంఖ్‌హాఫ్ పేరు కూడా ఉంది. నాలుగున్నర వేల ఏళ్ల నాటి ఈ పత్రంలో ఎక్కడా వింతలు లేవు. ఉన్నదంతా ఒక బాధ్యత గల మనిషి తన పనికి ఒప్పచెప్పిన లెక్క.

ఆ పనివాళ్లు ఉన్న ఊరు కూడా గీజా పీఠభూమికి దక్షిణాన బయటపడింది. పురాతత్వవేత్తలు మార్క్ లేనర్, జాహి హవాస్ బృందాల తవ్వకాల్లో రొట్టెలు కాల్చిన భట్టీలు, పశువుల ఎముకలు, చేపల అవశేషాలు, వసతి గదులు దొరికాయి. పిరమిడ్ల సమీపంలోనే పనివాళ్ల సమాధులు ఉన్నాయి. విరిగి, సరిగా కట్టు కట్టడం వల్ల అతుక్కున్న ఎముకలు గల అస్థిపంజరాలు వాటిలో ఉన్నాయి. కొని తెచ్చిన బానిసలకు రాజు సమాధి పక్కన చోటు దక్కదు. అలాగని అందరూ ఇష్టపడి వచ్చారనీ చెప్పకూడదు. రాజ్యం ఊళ్ల నుంచి వంతులవారీగా మనుషులను రప్పించేది, తిండి పెట్టేది, పని తీసుకునేది.

బరువు సంగతికి వస్తే, దెయిర్ ఎల్ బెర్షాలో జెహుతిహోతెప్ అనే అధికారి సమాధి గోడ మీద ఒక బొమ్మ ఉంది. ఒక మహా విగ్రహాన్ని కొయ్య బండి మీద నిలిపి, మోకులు కట్టి, 172 మంది నాలుగు వరుసల్లో లాగుతున్నారు. ఆ బండికి చక్రాలు లేవు. విగ్రహం పాదాల దగ్గర ఒక మనిషి నిలబడి, బండి ముందున్న నేల మీద కుండతో నీళ్లు వంచుతున్నాడు. దీన్ని చాలాకాలం పూజా విధిగానే భావించారు. 2014లో ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయ భౌతిక శాస్త్రవేత్తలు ప్రయోగం చేసి, ఇసుకను తగిన మేరకు తడిపితే బండి ముందు ఇసుక కుప్పపడదనీ, లాగడానికి కావలసిన బలం సగానికి తగ్గుతుందనీ చూపించారు. చిత్రకారుడు తాను చూసిన పనినే గీశాడు.

నన్ను అడిగితే, పిరమిడ్లు మనుషుల కట్టడాలే అనడానికి అన్నిటికన్నా గట్టి రుజువు వాటిలోని తప్పులు. ఖుఫు తండ్రి స్నెఫ్రు దహ్షూర్‌లో కట్టించిన పిరమిడ్ కింది భాగం సుమారు 54 డిగ్రీల వాలుతో లేచి, దాదాపు సగం ఎత్తులో ఉన్నట్టుండి 43 డిగ్రీలకు వంగిపోతుంది. పునాది కుంగి, లోపలి గదుల్లో పగుళ్లు కనిపించడంతో పైన పడే బరువును తగ్గించడానికి వాలు మార్చారు. ఆ తరవాత అదే రాజు కట్టించిన ఎర్ర పిరమిడ్‌ను మొదటి నుంచీ 43 డిగ్రీల వాలుతోనే లేపారు. ఆ అనుభవం చేతిలో ఉన్న తరం ఖుఫు కోసం 146 మీటర్ల ఎత్తు కట్టగలిగింది. ఆస్వాన్ గనిలో మరో సాక్ష్యం ఇంకా నేల మీదే పడి ఉంది: సుమారు 42 మీటర్ల పొడవు, వెయ్యి టన్నులకు పైగా బరువు ఉండే ఏకశిలా స్తంభాన్ని మూడు వైపులా తొలిచాక రాతిలో పగులు రావడంతో వదిలేశారు. దాని చుట్టూ ఉన్న కందకంలో డోలరైట్ అనే గట్టి రాతి గుండ్లతో కొట్టి కొట్టి గ్రానైటును అరగదీసిన గుంటలు వరుసగా ఉన్నాయి. ఒక్కో పనివాడు ఎంత మేర కూర్చుని పనిచేశాడో ఆ గుంటలే చెబుతాయి.

ప్రశ్న: ఈజిప్టు చిత్రాల్లో ముఖం పక్కకు, కన్ను ముందుకు, భుజాలు ముందుకు, కాళ్లు మళ్లీ పక్కకు ఉంటాయి. వాళ్లకు బొమ్మ సరిగా గీయడం రాకపోవడమే కారణమా?

జవాబు: కాదు. వాళ్ల ఉద్దేశం వేరు. ఒక చోట నిలబడి చూసినవాడికి కంటికి ఎలా కనిపిస్తుందో అలా గీయడం మనకు అలవాటైన పద్ధతి. వస్తువులోని ప్రతి భాగాన్నీ అది స్పష్టంగా తెలిసే వైపు నుంచి గీసి కలపడం ఈజిప్టు పద్ధతి. సమాధి గోడ మీది బొమ్మ చనిపోయిన వ్యక్తికి శాశ్వతంగా పనికిరావాలి కాబట్టి అందులో ఏదీ మరుగున పడకూడదు.

దీనికి నెబామున్ అనే అధికారి సమాధి నుంచి తీసి ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంచిన తోట చిత్రం మంచి ఉదాహరణ. క్రీ.పూ. 1350 ప్రాంతానిది. నడుమ దీర్ఘచతురస్రంగా కొలను ఉంది. దాన్ని పైనుంచి చూసినట్టు గీశారు. నీటి అలలు వంకర గీతలు. ఆ నీటిలోని చేపలు, బాతులు, తామరలు మాత్రం పక్కనుంచి చూసినట్టు ఉన్నాయి. కొలను చుట్టూ ఉన్న చెట్లలో కొన్ని నిలువుగా ఉంటే, ఒక వైపు వరుస పక్కకు ఒరిగి పడుకున్నట్టు ఉంది. ఏ చెట్టు ఏ గట్టున ఉందో, దాని పండ్లు ఎలాంటివో చూడగానే తెలుస్తుంది. మూలనున్న చెట్టులోంచి ఒక దేవత పండ్లు అందిస్తోంది. ఈ తోటలో నెబామున్ దారి తప్పడు, ఆకలితో ఉండడు. ఈ చిత్రాన్ని దగ్గరగా చూసినవారు ఆ చిత్రకారుడికి గీయడం రాదని అనలేరు.

మనిషి బొమ్మకు కొలతలు కూడా కట్టుదిట్టంగా ఉండేవి. గోడ మీద ఎర్ర రంగు దారంతో గళ్లు కొట్టి, నిలబడిన మనిషి అరికాలి నుంచి నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోటు వరకు 18 గళ్లలో సరిపెట్టేవారు. పని పూర్తయితే ఈ గళ్లు రంగు కింద మాయమవుతాయి. రాజుల లోయలో హొరెమ్‌హెబ్ అనే రాజు సమాధి పని మధ్యలో ఆగిపోవడంతో అక్కడ ఎర్ర గీతలతో వేసిన మొదటి రూపం, దాని మీద నల్ల గీతలతో పెద్ద చిత్రకారుడు చేసిన దిద్దుబాటు, ఆ తరవాత ఉలి పని, అన్నీ పక్కపక్కనే కనిపిస్తాయి.

ప్రశ్న: గ్రీకు దేవాలయాల్లో స్తంభాల పైన దూలం మీద వరసగా నిలువు గాడులు ఉన్న దిమ్మెలు ఉంటాయి. అవి బరువు మోయవు, అంత అందంగానూ ఉండవు. మరి ఎందుకు పెట్టారు?

జవాబు: చాలా మంచి ప్రశ్న. అవి కొయ్య కట్టడపు జ్ఞాపకాలు. గ్రీకులు మొదట దేవాలయాలను కొయ్యతో, పచ్చి ఇటుకతో కట్టేవారు. అడ్డంగా వేసిన దూలాల కొసలు పైభాగంలో బయటికి వచ్చేవి. వాటిని పలకలతో కప్పేవారు. రాతికి మారినప్పుడు ఆ కొసలను కూడా రాతిలో చెక్కారు. ఈ వివరణ ఇచ్చినవాడు రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్. ఇందులోని ప్రతి చిన్న అంశాన్నీ కొయ్యకు ముడిపెట్టడం పండితులందరికీ సమ్మతం కాదు గానీ, మొత్తం మీద ఆ దిశ సరైనదే అనిపిస్తుంది. ఆ దిమ్మెల కింద వేలాడే చిన్న చిన్న బొడిపెలను గమనించండి. రాతికి వాటితో పని లేదు. కొయ్య మేకుల తలలుగా చూస్తే వెంటనే అర్థమవుతాయి. ఒలింపియాలో హేరా దేవాలయపు స్తంభాలు ఒకదానితో ఒకటి పోలవు. కొయ్య స్తంభాలు పాడైనకొద్దీ ఒక్కొక్కటిగా రాతి స్తంభాలు నిలబెట్టడం వల్ల అలా జరిగిందని చెబుతారు. క్రీ.శ. 2వ శతాబ్దిలో అక్కడికి వెళ్లిన గ్రీకు యాత్రికుడు పౌసానియస్, వెనుక గదిలో ఇంకా ఒక ఓక్ కొయ్య స్తంభం ఉన్నట్టు రాశాడు.

ఈ సంగతి గ్రీసుకే పరిమితం కాదు. ఈజిప్టులోని సఖారాలో జోసెర్ రాజుకు ఇమ్‌హోతెప్ క్రీ.పూ. 2650 ప్రాంతంలో మెట్ల పిరమిడ్ కట్టాడు. అంత పెద్ద ఎత్తున రాతితో కట్టడం లోకంలో అదే మొదలు. దాని ప్రవేశ మండపంలోని స్తంభాలు రెల్లు కట్టల్లా ఉంటాయి. పైకప్పు రాళ్లను కింది నుంచి చూస్తే గుండ్రని తాటి దుంగలు పేర్చినట్టు చెక్కారు. తలుపులు కూడా రాతివే, తెరిచి ఉన్నట్టు చెక్కినవి, ఎన్నటికీ మూసుకోవు. ఇక్కడ నాకు ఎంతో ఇష్టమైన వివరం ఒకటి ఉంది. ఆ మండపంలోని ఏ స్తంభమూ విడిగా నిలబడదు. ప్రతిదాన్నీ ఒక చిన్న అడ్డ గోడతో వెనుక గోడకు కలిపారు. రాతి స్తంభం తనంతట తానే కప్పు మోస్తుందన్న నమ్మకం అప్పటికి ఇంకా కుదరలేదు. రాళ్లు సైతం చిన్నవే వాడారు, ఇటుక కట్టుబడి అలవాటైన చేతులు కాబట్టి. తరవాతి వంద ఏళ్లలోనే అదే దేశంలో పదుల టన్నుల గ్రానైటు దూలాలు ఖుఫు పిరమిడ్ లోపలికి ఎక్కాయి.

బీహారులో బరాబర్ కొండల్లోని లోమస్ ఋషి గుహ ద్వారం క్రీ.పూ. 3వ శతాబ్దిది. కఠినమైన గ్రానైటును తొలిచి, వంచిన వాసాల కొసలతో, అల్లిక జాలీతో, పూరింటి ముఖద్వారాన్ని యథాతథంగా చెక్కారు. కమాను వెంట స్తూపాల వైపు ఏనుగులు నడుస్తున్నాయి. మహారాష్ట్రలోని కార్లా చైత్య గుహలో (బౌద్ధుల ప్రార్థనా మందిరం) మరో అడుగు ముందుకు వేసి, కొండను తొలిచిన కప్పుకు నిజమైన కొయ్య వాసాలే బిగించారు. అవి ఇప్పటికీ ఉన్నాయి, ఏమీ మోయవు. సాంచీ స్తూపం చుట్టూ ఉన్న రాతి కంచెలో నిలువు కంబాలకు బెజ్జాలు తొలిచి అడ్డ కమ్మీలను దూర్చారు. అది వడ్రంగి పని. ఇంగ్లాండులోని స్టోన్‌హెంజ్‌లో నిలువు రాళ్ల తల మీద బొడిపె మిగిల్చి, అడ్డ రాయి కింద గుంట తొలిచి కూర్చోబెట్టారు. అదీ వడ్రంగి పనే. ఒకరినొకరు ఎరగని మనుషులు ఇన్ని చోట్ల ఒకే పని చేశారంటే దానికి కారణం అజ్ఞానం కాదు. దేవుడి ఇల్లు ఎలా ఉండాలో కొయ్య కాలంలోనే మనసులో స్థిరపడింది. పదార్థం మారినా ఆ రూపాన్ని వదులుకోవడానికి వాళ్లు సిద్ధపడలేదు.

ప్రశ్న: సింధు నాగరికతలో పిరమిడ్ లాంటిది గానీ, పెద్ద దేవాలయం గానీ కనిపించదు. కళలో వాళ్లు వెనుకబడ్డారని అనుకోవచ్చా?

జవాబు: పరిమాణాన్ని బట్టి కళను కొలిస్తే అలా అనిపిస్తుంది. మొహెంజొదారోలో రాజభవనం అనీ, దేవాలయం అనీ నిస్సందేహంగా చెప్పగల కట్టడం ఇంతవరకు దొరకలేదు. దొరికినదల్లా వేరే రకం ఘనత. వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న నగరాల్లో కూడా ఇటుక మందం, వెడల్పు, పొడవు 1:2:4 నిష్పత్తిలోనే ఉంటాయి. ఈ నిష్పత్తిలో ఇటుకను అడ్డంగా, పొడవుగా మార్చి మార్చి పేర్చినప్పుడు వరుసలు ఒకదానికొకటి సరిగ్గా కుదురుతాయి, అతుకులు ఒకే గీతలో పడవు. పెద్ద స్నానవాటిక సుమారు 12 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పు, దాదాపు రెండున్నర మీటర్ల లోతు. ఇటుకలను అంచు మీద నిలబెట్టి జిప్సం గారతో సందు లేకుండా కూర్చారు. గోడ వెనుక నీరు ఇంకకుండా సహజంగా దొరికే తారు పూశారు. ఇంటి గోడ లోపలి నుంచి వీధి కాలువ దాకా మురుగు దారి కట్టిన తీరులో ఎంత ఆలోచన ఉందో, ఏ దేవాలయ గోపురంలోనూ అంతకన్నా ఎక్కువ ఆలోచన ఉండదు.

ఇక శిల్పం చిన్న వస్తువుల్లో ఉంది. 1926లో దొరికిన నాట్యకత్తె కంచు బొమ్మ ఎత్తు పదిన్నర సెంటీమీటర్లే. మైనంతో బొమ్మ చేసి, మట్టి పూసి, వేడికి మైనాన్ని కరిగించి, ఆ ఖాళీలో కరిగిన లోహం పోసే పద్ధతిలో చేశారు. ఎడమ చేతి నిండా గాజులు, నడుము మీద కుడి చెయ్యి, పైకెత్తిన గడ్డం. స్టియటైట్ అనే మెత్తని రాతి ముద్రలైతే చాలావరకు రెండు మూడు సెంటీమీటర్ల పలకలు. వాటి మీద ఎద్దు మెడ కింద గంగడోలు మడతలు, భుజం కండ, కొమ్ము వంపు అన్నీ లోతుగా, తిరగేసి చెక్కాలి, మట్టి మీద ఒత్తితే గానీ సరైన బొమ్మ రాదు. అది ఎంత కష్టమో ఉలి పట్టిన ఎవరినైనా అడగండి.

ప్రశ్న: మెసొపొటేమియా అంత గొప్ప నాగరికత అయితే అక్కడ నిలిచి ఉన్న కట్టడాలు ఎందుకు తక్కువ?

జవాబు: అక్కడ రాయి లేదు, మంచి కలప లేదు. ఉన్నది నది తెచ్చిన మట్టి, రెల్లు, తారు. పచ్చి ఇటుక గోడకు ఏటేటా మరమ్మతు చేస్తేనే నిలుస్తుంది. మనుషులు వదిలేస్తే కొన్ని తరాల్లో దిబ్బగా మారుతుంది. ఎరిదు నగరంలో ఒకే చోట ఒకదాని మీద ఒకటిగా 18 దశల దేవాలయాలు తవ్వకాల్లో కనిపించాయి. ఊర్ నగరంలో క్రీ.పూ. 21వ శతాబ్దిలో ఊర్ నమ్ము రాజు మొదలుపెట్టిన జిగ్గురాత్ (మెట్లు మెట్లుగా లేచే దేవాలయపు దిబ్బ) నిలిచిందంటే, లోపలి పచ్చి ఇటుకకు బయట కాల్చిన ఇటుకను తారుతో కూర్చి తొడుగు వేయడం, మధ్య మధ్య రెల్లు చాపలు పరచడం, లోపలి తేమ పోవడానికి గోడలో కన్నాలు వదలడం కారణం. బాబిలోన్‌లో జర్మన్ పురాతత్వవేత్త రాబర్ట్ కోల్డెవే 1899లో తవ్వకం ప్రారంభించినప్పుడు, మట్టిలోంచి మట్టి గోడను వేరుచేసి గుర్తించడమే పెద్ద విద్య అయింది. అందుకోసం ఆయన పనివాళ్లకు శిక్షణ ఇచ్చాడు. రెండో నెబుకద్నెజార్ కట్టించిన ఇష్తార్ ద్వారం మీది ఎద్దులు, సర్పతల మృగాలు వేలకొద్దీ మెరుగు ఇటుక ముక్కలుగా దొరికాయి. ఒక్కో మృగం అనేక ఇటుకల కూర్పు. ఏది ఎక్కడ కూర్చాలో తెలిసేలా ఇటుకలకు గుర్తులు పెట్టుకుని ఉన్నారు. ఆ ముక్కలను బెర్లిన్‌లో తిరిగి కూర్చి 1930లో ప్రదర్శనకు పెట్టారు.

ప్రశ్న: ఏథెన్స్‌లోని పార్థెనాన్ దేవాలయంలో ఒక్క సరళరేఖ కూడా లేదంటారు. అది స్వర్ణ నిష్పత్తి (సుమారు 1:1.618) ప్రకారం కట్టారనీ అంటారు. నిజమేనా?

జవాబు: మొదటిది దాదాపు నిజం. రెండోదానికి ఆధారం లేదు. క్రీ.పూ. 447లో మొదలై 432లో ముగిసిన ఈ దేవాలయాన్ని ఇక్టినస్, కల్లిక్రేట్స్ కట్టారు, శిల్పాల పని ఫిడియాస్ చూశాడు. దాని కొలతల్లో పదే పదే వచ్చే నిష్పత్తి 4:9. అరుగు వెడల్పు, పొడవు అదే నిష్పత్తిలో ఉన్నాయి; స్తంభపు అడుగు వ్యాసానికీ, రెండు స్తంభాల నడుమ దూరానికీ అదే నిష్పత్తి. పూర్ణాంకాలతో సాగిన ఈ నిరాడంబరమైన లెక్క ఉండగా, వేరేది తెచ్చి అతికించవలసిన అవసరం లేదు.

ఇక వంపుల విషయం. స్తంభాలు నిలిచిన అరుగు నడుమ ఉబ్బి ఉంటుంది. పొట్టి వైపున సుమారు 6 సెంటీమీటర్లు, పొడుగు వైపున సుమారు 11. స్తంభాలు లోపలికి కొద్దిగా వాలి ఉంటాయి, నడుమ కొద్దిగా ఉబ్బి పైకి సన్నబడతాయి. మూలల్లోని స్తంభాలు మిగిలినవాటికన్నా లావు. చదునైన గీత దూరం నుంచి కుంగినట్టు కనిపిస్తుంది కాబట్టి దాన్ని సరిదిద్దడానికే ఇలా చేశారని విట్రూవియస్ చెప్పాడు. వాన నీరు జారిపోవడానికనీ, కట్టడానికి జీవం ఇవ్వడానికనీ ఇతరులు అంటారు. కారణం ఏదైనా, దాని పర్యవసానం మాత్రం భయంకరమైన శ్రమ: ఏ రెండు రాళ్లూ ఒకేలా ఉండవు, ప్రతి రాయినీ దాని చోటుకే చెక్కాలి.

అంత సూక్ష్మమైన ఉబ్బును రాతి పనివాళ్లకు ఎలా చెప్పేవారన్నది చాలాకాలం ఎవరికీ తేలలేదు. 1979లో లోథార్ హాసెల్‌బెర్గర్ అనే పరిశోధకుడు ఇప్పటి టర్కీలో ఉన్న డిడిమా అపోలో దేవాలయంలో దానికి జవాబు కనుగొన్నాడు. పార్థెనాన్ కన్నా తరవాతి కాలపు కట్టడం అది. లోపలి ప్రాంగణపు గోడల మీద ఏటవాలు వెలుగులో తప్ప కనిపించని వెంట్రుకంత సన్నని గీతలు ఉన్నాయి. అవి ఆ దేవాలయపు నిర్మాణ చిత్రాలు. అందులో ఒకటి స్తంభానిది. అడ్డం కొలతలు అసలు పరిమాణంలో ఉన్నాయి. నిలువు కొలత మాత్రం పదహారో వంతుకు కుదించారు, అంటే అడుగుకు బదులు ఒక అంగుళి. ఇరవై మీటర్ల ఎత్తున్న స్తంభపు ఉబ్బు కొన్ని సెంటీమీటర్లే. పూర్తి పరిమాణంలో గీస్తే ఆ వంపు గీయడానికే చేతికి అందదు. కుదించి గీస్తే ఒకే వృత్త చాపంగా మారుతుంది, ఏ ఎత్తున ఎంత లావు ఉండాలో పనివాడు నేరుగా గోడ మీద కొలుచుకోవచ్చు. పని పూర్తయ్యాక గోడలను నునుపు చేసేవారు, గీతలు చెరిగిపోయేవి. డిడిమా దేవాలయం ఎన్నడూ పూర్తికాలేదు కాబట్టి అవి మనకు మిగిలాయి. హొరెమ్‌హెబ్ సమాధి, ఆస్వాన్ స్తంభం, ఇది: పూర్తికాని పనులే మనకు ఎక్కువ నేర్పుతున్నాయని నేను గట్టిగా నమ్ముతాను.

పార్థెనాన్ మరమ్మతుల గురించి కూడా ఒకరు అడిగారు. ప్రాచీనులు పాలరాళ్లను ఇనుప బందులతో కలిపి, ఆ ఇనుము చుట్టూ కరిగించిన సీసం పోసేవారు. సీసం తడిని అడ్డుకోవడంతో ఇనుము తుప్పు పట్టలేదు. 20వ శతాబ్ది ఆరంభపు మరమ్మతుల్లో సీసం లేకుండా ఇనుము బిగించారు. అది తుప్పు పట్టి ఉబ్బి పాలరాతిని చీల్చింది. 1975 నుంచి సాగుతున్న పనిలో ఆ ఇనుమును తీసి టైటానియం బందులు వేస్తున్నారు.

ప్రశ్న: గ్రీకు విగ్రహాలకు రంగులు వేసేవారట కదా. తెల్లని పాలరాతి అందాన్ని వాళ్లే పాడుచేశారా?

జవాబు: తెలుపే అందమన్నది మన అలవాటు. 18వ శతాబ్ది యూరపులో అది సిద్ధాంతంగా స్థిరపడింది, అప్పటికి దొరికిన విగ్రహాల మీద రంగు పోయి ఉండడం వల్ల. విగ్రహానికి కనుపాపలు, పెదవులు, జుట్టు, వస్త్రపు అంచులు రంగుతోనే పూర్తయ్యేవి. అతినీల కాంతిలో పాత నమూనాల జాడ తెలుస్తుంది. ఈజిప్టు నీలం అనే రంగుకు మరో గుణం ఉంది. ఇసుక, రాగి, సున్నం, క్షారం కలిపి కాల్చి చేసిన ఈ రంగు, మామూలు వెలుగు పడినప్పుడు పరారుణ కాంతిని వెదజల్లుతుంది. కంటికి ఒక్క రేణువు కనిపించకపోయినా తగిన కెమెరాలో తెల్లగా మెరుస్తుంది. బ్రిటిష్ మ్యూజియంలో ఈ పద్ధతితో 2009లో పార్థెనాన్ శిల్పాల మీద, ఇరిస్ దేవత నడికట్టు మీద సహా, ఆ నీలం జాడ కనుగొన్నారు. అదే మ్యూజియంలో 1930లలో ఆ శిల్పాలను తెల్లగా చేయాలని రాగి పనిముట్లతో గీకారు. దానివల్ల పోయినదాన్ని తలుచుకుంటే ఇప్పటికీ బాధ కలుగుతుంది.

ప్రశ్న: రోములోని పాంథియాన్ గుమ్మటంలో ఇనుము లేదు, నడుమ పెద్ద కన్నం ఉంది. అయినా ఎలా నిలిచింది?

జవాబు: ఆ కన్నం వల్ల, బరువు పంపకం వల్ల. హడ్రియన్ చక్రవర్తి కాలంలో, క్రీ.శ. 126 ప్రాంతంలో పూర్తయిన ఈ గుమ్మటం వ్యాసం 43.3 మీటర్లు. ఉక్కు కడ్డీలు లేని కాంక్రీటు గుమ్మటాల్లో నేటికీ ఇదే అతి పెద్దది. సున్నంలో అగ్నిపర్వత బూడిద కలిపితే రోమన్ కాంక్రీటు గట్టిపడుతుంది. అందులో కలిపే రాళ్లను ఎత్తును బట్టి మార్చారు: కింద బరువైన రాయి, ఇటుక ముక్కలు, పైన తేలికైన అగ్నిపర్వత నురగ రాయి. అడుగున సుమారు 6 మీటర్ల మందం పైకి వచ్చేసరికి సుమారు 1.2 మీటర్లు. అన్నిటికన్నా బరువుగా, ప్రమాదకరంగా ఉండవలసిన శిఖరాన్నే తీసేసి సుమారు 9 మీటర్ల కన్నం వదిలారు. దాని చుట్టూ ఉన్న వలయం ఒత్తిడిని తట్టుకుంటుంది. వాన నీరు పోవడానికి నేలలో కన్నాలు ఉన్నాయి. గుమ్మటంలో నిలువు పగుళ్లు పడ్డాయి, కానీ ముక్కలు పక్కపక్కన నిలిచిన కమానుల్లా ఒకదానికొకటి ఆనుకుని బరువును మందపాటి గోడల్లోకి దించుతున్నాయి.

ప్రశ్న: రాజుల పేర్లే వింటాం. చెక్కిన, కట్టిన వాళ్ల పేర్లు ఎక్కడైనా మిగిలాయా?

జవాబు: మనం అనుకునేదానికన్నా ఎక్కువే మిగిలాయి. సఖారాలో జోసెర్ విగ్రహ పీఠం మీద రాజు పేరుతో పాటు ఇమ్‌హోతెప్ పేరు చెక్కి ఉంది. గీజాలో బయటికి కనిపించని రాళ్ల మీద పనిముఠాలు ఎర్ర రంగుతో తమ పేర్లు రాసుకున్నాయి. ఒక ముఠా తనను ఖుఫు మిత్రులుగా చెప్పుకుంది. పర్షియా చక్రవర్తి మొదటి డారియస్ సూసాలో కట్టించిన భవనపు శాసనంలో వ్యక్తుల పేర్లు లేవు గానీ, పని ఎవరిదో చెప్పాడు: దేవదారు లెబనాన్ నుంచి, దంతం కుష్ (ఈజిప్టుకు దక్షిణాన ఉన్న దేశం), సింధు, అరకోసియాల (ఇప్పటి దక్షిణ అఫ్గానిస్తాన్) నుంచి వచ్చాయి, రాయి చెక్కినవారు అయోనియన్లు (ఆసియా మైనర్ తీరపు గ్రీకులు), సార్దిస్‌వారు, బంగారు పని మీడియన్లు (ఇరాన్‌లోని మీడియావారు), ఈజిప్షియన్లది, ఇటుక పని బాబిలోనియన్లది. పర్షియా రాజధాని పెర్సెపొలిస్‌లో 1933, 34లలో దొరికిన మట్టి పలకల మీద స్త్రీలతో సహా పనివాళ్లకు ఇచ్చిన ధాన్యం లెక్కలు ఉన్నాయి. సాంచీ దక్షిణ తోరణం మీదైతే, ఆ చెక్కడం విదిశకు చెందిన దంతపు పనివారు చేశారని ప్రాకృతంలో చెక్కి ఉంది. దంతం మీద పనిచేసే చేతులు రాతి మీద పనిచేశాయని తెలిశాక ఆ తోరణాన్ని చూడండి: వేళ్ల గోళ్లు, ఏనుగు చెవి మడత, ఆకు ఈనెలు అంత చిన్నగా, అంత నిండుగా ఎందుకు ఉన్నాయో తెలుస్తుంది.